వంటగది ఎవరిది?



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు అన్నారు. ఆ రెండూ చేసినవారు మూడవ మాట ఒకటి కలుపుతారు. ఉన్న ఇంటిని, అందులోనే కాపురముంటూ, బాగుచేయించి చూడు.

మనవారిలో చాలామంది ఇప్పుడు ఈ మూడవ పరీక్షకు వచ్చియున్నారు. రైల్వే పనికి, మగ్గముల పనికి, గనుల పనికి, మిల్లులకు వచ్చి షోలాపూరు, బరంపురము, హుబ్బళ్లి, కోలారు గనులు, పెరంబూరు మొదలైన చోట్ల స్థిరపడిన మన తండ్రులు, తాతలు కట్టుకొన్న ఇండ్లకు నేడు యాభై అరవై ఏండ్లు నిండినవి. ముందు గదికి రెండు మూడు సార్లు రంగు మారినది. గచ్చు పోయి టైల్సు వచ్చినవి. పడక గదిలో ఏ.సి. కూడా వచ్చినది. వెనుక ఉన్న వంటగది మాత్రము చాలా ఇండ్లలో కట్టిన నాడు ఎట్లుండెనో నేడును అట్లే ఉన్నది. ఇప్పుడు దాని వంతు వచ్చినది. మేస్త్రీని పిలుస్తున్నారు, ఎస్టిమేటు అడుగుతున్నారు, బ్యాంకు పుస్తకము తీసి చూచుకొంటున్నారు.

ఇది డబ్బు లెక్క మాత్రమే అని మనము అనుకొంటాము. నా మట్టుకు నాకు ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్నగా కూడా తోచుచున్నది. ఒక గదిలో రోజుకు నాలుగైదు గంటలు నిలువబడి పనిచేసేది ఒకరు, ఆ గదికి డబ్బు పెట్టేది వేరొకరు అయినప్పుడు, ఆ గది ఎట్లుండవలెనో నిర్ణయించే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండ వ్రాసిన బడ్జెటు, అంకెలు సరిగా కలిసినా, లెక్క తప్పినట్లే.

మొదట, పాత వంటగది అట్లెందుకున్నదో చూద్దాము. అది కట్టెల పొయ్యి కోసము కట్టిన గది. పొగ ఇంటిలోనికి రాకూడదని దానిని వెనుకకు, ఒక మూలకు పెట్టినారు. వర్షము లోపలికి పడకూడదని చిన్న కిటికీ పెట్టినారు, లేదా గోడ పైభాగమున నాలుగు రంధ్రములు వదలినారు. మిగతా ఇంటికి పొగ రాకుండ చేసిన ఏర్పాటు అది. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి పొగ రాకుండ చేసిన ఏర్పాటు కాదు. ఎవరో కావాలని చేసిన అన్యాయమని నేననను. ఆ మనిషిని ఎవరూ అడుగలేదు, అంతే.

ఆ మనిషి కండ్లను గురించి తలంచినవారు లేకపోలేదు. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయములో పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితోనే, పొగ గొట్టముతో, ఒకే మంట మీద రెండు మూడు కుండలు పెట్టుకొనే పొయ్యిని రూపొందించినారు. కోట్లాదిమంది వంటగదులను పొగలేనివిగా చేయడము గురించి ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకము 1953లో మద్రాసులో అచ్చయినది. తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి దేశమంతటా లక్షల పొయ్యిలు వేయించినది. అది 2002 వరకు నడిచినది. అయితే ఆ పొయ్యిలలో చాలా వాటిని ఇండ్లలో కొంతకాలము వాడి మానివేసినారు. కొన్నిచోట్ల గొట్టము పూడుకొనిపోయినది, బాగుచేసేవారు లేరు. కొన్నిచోట్ల ఆ ఇంటి పాత్రలకు ఆ పొయ్యి నోరు సరిపోలేదు. మంచి ఉద్దేశముతో చేసిన పని కూడా, వాడే మనిషి చేతి కొలత తీసుకోకపోతే నిలువదని ఆ అనుభవము నేర్పుచున్నది. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన తరువాత పేద ఇండ్లకు కూడా గ్యాసు చేరినది. మంట మారినది గాని, చాలా పాత ఇండ్లలో గది మారలేదు.

వంట చేసేవారి అడుగులను లెక్కపెట్టి వంటగదిని కట్టిన సంగతి ఒకటి చరిత్రలో ఉన్నది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో 1926లో, కార్మికుల కొత్త ఇండ్ల కొరకు మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు స్త్రీ ఒక వంటగదిని రూపొందించినది. ఆమె శిల్పి, అనగా భవన నిర్మాణ శాస్త్రము చదివినది. రైలు బండిలోని భోజనపు పెట్టెలో అంత చిన్న చోట అంతమందికి వంట ఎట్లు సాగుచున్నదో చూచి, ఆ పద్ధతిని ఆమె ఇంటికి తెచ్చినది. గది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు మాత్రమే. ఏ పనికి ఎన్ని అడుగులు పడుచున్నవో, ఎంతసేపు పట్టుచున్నదో కొలిచి, దానిని బట్టి పొయ్యి, తొట్టి, బల్ల, అల్మారాలు అమర్చినారు. కూర్చొని పనిచేయుటకు ఒక తిరుగుడు పీట కూడా పెట్టినారు. అటువంటివి సుమారు పదివేలు కట్టినారు. రైల్వే కుటుంబములలో పెరిగిన మనకు ఆ పెట్టె సంగతి వింటే సంతోషము కలుగును.

అయితే దానిమీద తరువాత వచ్చిన విమర్శ కూడా మనము వినవలెను. ఆ గదిలో ఒక్క మనిషికే చోటున్నది. భర్త గాని, పిల్లలు గాని ఒక చేయి వేయవలెనన్నా నిలువబడుటకు తావు లేదు. పని తేలిక అయినది గాని, ఆ పని ఆమె ఒక్కదానిదే అని గోడలే తీర్పు చెప్పినట్లయినది. మనము గది మార్చునప్పుడు ఈ రెండు పాఠములును జ్ఞాపకముంచుకొనవలెను. అడుగులు తగ్గవలెను, రెండవ మనిషికి చోటు ఉండవలెను.

అడుగులు అంటే ఏమంత పెద్ద విషయమని అనిపించవచ్చును. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను గనుక పలక మీద లెక్క వేసి చూపిస్తాను. ఒక పాత ఇంటిలో పొయ్యికి నీళ్లకు మధ్య దూరము 12 అడుగులు ఉన్నదనుకొందాము. కొత్త అమరికలో అది 5 అడుగులు అయినది. తగ్గినది 7 అడుగులు. రోజుకు 60 సార్లు వెళ్లి రావడము ఉంటే, పోను రాను కలిపి 840 అడుగులు మిగిలినవి. ఏడాదికి 3,06,600 అడుగులు. అనగా సుమారు 93 కిలోమీటర్లు. కోలారు గనుల నుండి బెంగళూరుకు ఇంచుమించు అంత దూరము. నీళ్ల కుళాయి ఒక గోడ నుండి ఇంకొక గోడకు మార్చనందువలన ఒక మనిషి ప్రతి ఏడాది, చేతిలో బరువుతో, అంత దూరము నడుచుచున్నది. ఆ నడక ఏ ఎస్టిమేటులోను కనబడదు.

ఇంటి పనికి విలువ కట్టే విషయములో మన దేశపు న్యాయస్థానములు కూడా చాలాకాలము తడబడినవి. జంషెడ్‌పూరులో 1989లో జరిగిన అగ్నిప్రమాదపు కేసులో 2001లో సుప్రీంకోర్టు, చనిపోయిన గృహిణుల సేవలకు నష్టపరిహారము లెక్కించుట కొరకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టినది. అంతకంటె వయస్సు మళ్లిన గృహిణులకు ఇంకను తక్కువ కట్టినది. 2021 జనవరిలో మరియొక కేసులో జస్టిస్ ఎన్. వి. రమణగారు, గృహిణి పనిచేయుట లేదు అనే తలంపే సరికాదనియు, ఆమె శ్రమకు విలువ కట్టుట ఆ శ్రమను గుర్తించుట అనియు విపులముగా వ్రాసినారు. 2019లో ప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటివారి కొరకు జీతము లేని ఇంటి పని చేసేవారిలో స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేలినది. 299 నిమిషములు అనగా దాదాపు ఐదు గంటలు. అందులో ఎక్కువ భాగము ఎక్కడ గడుచునో మనకు తెలియును.

ఇక్కడ ఒక అభ్యంతరము వచ్చును. "డబ్బు నేను సంపాదించినది. అప్పు తీర్చవలసినది నేను. కాబట్టి నిర్ణయము నాది" అని ఇంటి యజమాని అనవచ్చును. ఈ మాటలో పాలు లేకపోలేదు. ఎంత ఖర్చు పెట్టగలమో చెప్పే హక్కు, చెప్పవలసిన బాధ్యత, సంపాదించేవారికి ఉన్నది. చేతిలో లేని డబ్బును ఎవరి సౌకర్యము కొరకైనా పుట్టించలేము. అయితే ఎంత అనేది ఒక ప్రశ్న, దేనికి అనేది ఇంకొక ప్రశ్న. మొదటి దానికి జవాబు చెప్పినంత మాత్రాన రెండవ దానికి కూడా అధికారము వచ్చినట్లు కాదు. డబ్బు ఒక్కసారి ఇస్తాము. ఆ గదిలో నిలువబడుట ఇరవై ఏండ్లు సాగును. ఇరవై ఏండ్లు నిలువబడేవారి మాట ముందు వినుట న్యాయము.

"సరే, ఆమెనే అడుగుతాను" అని మంచి మనస్సుగలవారు అంటారు. అడుగుతారు కూడా. అక్కడే అసలు చిక్కు ఉన్నది. నేనెరిగిన ఒక ఇంటిలో కొడుకు, కోడలు కూర్చొని కాగితము మీద గీతలు గీయుచు, డెబ్బై ఏండ్ల తల్లిని కూడా పిలిచినారు. "అత్తయ్యా, మీకు ఎక్కడ ఏమి కావలెనో చెప్పండి" అని కోడలు అడిగినది. "నన్ను అడిగేదేమున్నదమ్మా, మీ ఇష్టమే నా ఇష్టము" అని ఆమె లేచి వెళ్లిపోయినది. కొడుకు ఆ మాటను సమ్మతిగా తీసుకొన్నాడు. కోడలు తీసుకోలేదు. వారము దినములు అత్తగారు ఎక్కడ కూర్చుండునో, ఎప్పుడు లేచునో గమనించినది. ఆమె కిటికీ వెలుగు పడే చోట కత్తిపీట వేసికొని కూరలు తరుగును. లేచునప్పుడు గోడ పట్టుకొని లేచును, మోకాళ్లు సహకరించవు. వారు గీసిన పటములో ఆ కిటికీ క్రింద ఫ్రిజ్జు ఉన్నది. ఫ్రిజ్జును ఇంకొక మూలకు మార్చి, కిటికీ క్రింద పద్దెనిమిది అంగుళముల ఎత్తున ఒక రాతి అరుగు వేయించినారు. ఖర్చు పెద్దగా పెరుగలేదు. ఆమె ఇప్పుడు ఆ అరుగు మీద కూర్చొని, ఎదుట చిన్న బల్ల వేసికొని చాకుతో తరుగుచున్నది.

మన స్త్రీలలో అనేకులు "మీ ఇష్టము" అనుటకు చిన్ననాటి నుండి అలవాటు పడినారు. అడిగినప్పుడు జవాబు చెప్పుట కూడా అలవాటు ఉంటేనే వచ్చును. ఎన్నడూ అడుగబడనివారు ఒకనాడు హఠాత్తుగా అడిగితే, ఖర్చు పెరుగునని భయపడుదురు, లేదా రేపు ఏదైనా చెడిపోతే "నీవు చెప్పినందుకే" అని అంటారని వెనుకాడుదురు. కాబట్టి "మీ ఇష్టము" అనే మాటతో మన బాధ్యత తీరలేదు. అందుకు నేను చెప్పే ఉపాయము ఒకటే. ఎస్టిమేటు వ్రాయకముందు, డబ్బు పెట్టేవాడు మూడు దినములు ఆ వంటగదిలో వంట చేయవలెను. టీ పెట్టుట కాదు. ఉదయము టిఫిను, మధ్యాహ్నపు భోజనము, సాయంకాలపు అంట్లు, అన్నీ. నడుము ఎక్కడ వంగినదో, చీకటి ఎక్కడ ఉన్నదో, వేడి గిన్నె దించుటకు చోటు ఎక్కడ లేదో మూడు దినములలో తెలిసిపోవును. ఎవరినీ అడుగనక్కరలేదు, తన నడుమే చెప్పును.

పనిమనిషిని కూడా ఈ లెక్కలో మరువరాదు. అంట్లు తోమేది ఆమె అయితే తొట్టి ఎత్తు, మురుగు దారి ఆమె విషయము. ఆమె ఇంటి మనిషి కాదు గనుక ఆమె నడుము మన లెక్కలోనికి రాదని అనుకొనుట నాకు న్యాయముగా తోచదు.

ఇక పని వరుసకు వద్దాము. పాత ఇంటిలో మొదట చూడవలసినవి కంటికి కనబడనివి. గోడలు సున్నముతో కట్టినవా, సిమెంటుతో కట్టినవా తెలుసుకొనండి. సున్నపు గోడలో చెమ్మ ఉండగా దానిపైన గట్టి సిమెంటు పూత పూసి, టైల్సు అతికిస్తే చెమ్మ పోదు, లోపలనే నిలిచి ఇంకొక చోట బయటపడును. చెమ్మ ఎక్కడ నుండి వచ్చుచున్నదో ముందు కనిపెట్టవలెను. పై కప్పు బరువును గోడలే మోసే ఇండ్లలో, గది పెద్దది చేయుటకు గోడ పడగొట్టదలిస్తే ఇంజనీరు చూడనిదే పని మొదలుపెట్టరాదు. గొట్టముల కొరకు అటువంటి గోడలో అడ్డముగా లోతైన గాడి కొట్టించుట కూడా ప్రమాదమే. పాత ఇనుప గొట్టములు లోపల త్రుప్పుతో పూడుకొని ఉండును గనుక, గోడ తెరచినప్పుడే వాటిని మార్చవలెను. పాత కరెంటు తీగలకు చాలాచోట్ల ఎర్తు లేదు. మిక్సీ, ఫ్రిజ్జు, గ్రైండరు, ఓవెను వీటిని అవి మోయజాలవు. ఎర్తుతో కూడిన కొత్త రాగి తీగలు, షాకు తగులకుండ కరెంటును తక్షణమే ఆపివేసే ఆర్.సి.సి.బి. అనే పరికరము తప్పనిసరి.

గ్యాసు విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. వంట గ్యాసు గాలి కంటె బరువైనది. కారితే పైకి పోదు, నేలమీద పరచుకొనును. పాత వంటగదులు కొన్ని మిగతా ఇంటి కంటె ఒక మెట్టు పల్లముగా ఉండును. అక్కడ కారిన గ్యాసు గుంటలో నీరు నిలిచినట్లు నిలుచును. కాబట్టి పైన ఎగ్జాస్టు ఫ్యాను ఒక్కటి చాలదు, నేల దగ్గర కూడా గాలి పోవు దారి ఉండవలెను. సిలిండరును నిలువుగానే ఉంచవలెను. దానిని మూసివున్న అల్మారాలో పెట్టేటట్లయితే ఆ తలుపులకు క్రింది భాగమున రంధ్రములు ఉండవలెను. అందము కొరకు వాటిని మూయించరాదు. పొయ్యి ఎప్పుడును సిలిండరు కంటె ఎత్తున ఉండవలెను. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకసారి మార్చవలెను.

గట్టు ఎత్తును మేస్త్రీ అలవాటుకు వదలిపెట్టకండి. వంట చేసేవారు నిలువబడి మోచేయి వంచినప్పుడు, మోచేయి కంటె నాలుగు నుండి ఆరు అంగుళములు క్రిందకు గట్టు ఉండుట మంచిది. ఐదడుగుల మనిషికి అది సుమారు 32 అంగుళములు. తొట్టి అడుగు లోతుగా ఉండును గనుక దాని అంచు కొంచెము ఎత్తుగా ఉన్నా నష్టము లేదు.

ఇప్పుడు బడ్జెటు. ఊరిని బట్టి ధరలు మారును గనుక దీనిని ఉదాహరణగా మాత్రమే చూడండి. చేతిలో 2,00,000 రూపాయలు ఉన్నవనుకొందాము. మొదట అందులో నుండి 30,000 తీసి పక్కన పెట్టవలెను. పాత గోడ తెరచిన తరువాత ఏమి కనబడునో ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బు దానికొరకు. మిగిలిన 1,70,000లో పడగొట్టుట, చెత్త తరలించుట 12,000, కప్పు, గోడల చెమ్మ మరమ్మతు, పూత 28,000, గొట్టములు, మురుగు దారి 25,000, కరెంటు పని 20,000. ఇంతవరకు 85,000. అనగా సరిగ్గా సగము. ఈ సగములో ఒక్క రూపాయి కూడా ఇంటికి వచ్చిన చుట్టమునకు కనబడదు. తరువాత గట్టు రాయి, తొట్టి 28,000, నేలకు గోడకు టైల్సు 25,000, కిటికీ, ఫ్యాను, దీపములు 15,000, అరలు, తలుపులు 12,000. చివరి 5,000 పని జరుగు మూడు నాలుగు వారములలో వేరే చోట పొయ్యి పెట్టుకొనుటకు. ఈ చివరిది దాదాపు అందరూ మరచిపోతారు. మరచిపోతే ఆ కష్టము మళ్లీ వంట చేసేవారి మీదనే పడును, వరండాలో, ఇసుక ధూళి మధ్య.

ఇప్పుడు అనుకోకుండ 30,000 తక్కువ పడినవనుకొందాము. ఎక్కడ కోత పెట్టెదము? మన న్యాయబుద్ధి తెలిసేది ఇక్కడనే. సాధారణముగా మనుష్యులు చేసేదేమనగా, కరెంటు పని వాయిదా వేస్తారు, చెమ్మ మీద పూత పూసి కప్పివేస్తారు, పక్కన పెట్టిన డబ్బును కలుపుకొంటారు. టైల్సు మాత్రము తగ్గించరు. "పైన పటారము, లోన లొటారము" అనే సామెత ఇటువంటి గదిని చూచే పుట్టియుండవచ్చును. నేనైతే క్రిందినుండి కోస్తాను. టైల్సు గట్టు పైన రెండడుగుల మేరకే వేయించి, పాత నేల బాగుంటే అట్లే ఉంచితే 14,000 తగ్గును. అరలకు తలుపులు మానితే 7,000. గ్రానైటు బదులు కడప బండ వేయిస్తే 9,000. మొత్తము 30,000 సరిపోయినది. కడప బండ మన సీమ నుండి వచ్చిన నల్లని రాయి. సున్నపురాతి జాతి గనుక చింతపండు, నిమ్మరసము పడితే మచ్చ పడును. మచ్చ పడినంత మాత్రాన వంట చెడదు. తడి గోడలో ఎర్తు లేని తీగ ఉంటే ప్రాణము పోవును.

అప్పు చేయవచ్చునా అని కొందరు అడుగుతారు. ప్రాణభయము తొలగించుటకు, అనగా తీగలకు, గొట్టములకు, కూలబోవు కప్పునకు, తీర్చగలిగినంత అప్పు చేసినా తప్పు కాదని నా అభిప్రాయము. ఎదురింటివారి మాడ్యులర్ కిచెను చూచి, పిల్లల ఫీజుల డబ్బును, చీటీ పాటను అద్దపు తలుపులకు పెట్టుట వేరు. ఇందుకు ఎదురుగా ఉన్న తప్పును కూడా చెప్పవలెను. "మా అమ్మ ఇందులోనే యాభై ఏండ్లు వండినది, నీకేమి వచ్చినది" అని కొందరు పొదుపు పాటిస్తారు. ఆ పొదుపు ఎవరి నడుము మీద జరుగుచున్నదో వారు ఆలోచింపవలెను. తాను మోయని బరువును గూర్చి తాను ఓర్పు బోధించుట సులువు.

పనివారి విషయములో ఒక మాట. బేరము ఆడండి, తప్పు లేదు. రెండు మూడు చోట్ల ధర అడగండి. జి.ఎస్.టి. చేరినదా లేదా అడగండి. ఏ పని, ఎంత కొలత, ఏ సామాను అనేది కాగితము మీద వ్రాసుకొనండి. పని జరిగిన మేరకు విడతలుగా చెల్లించండి. చివరి విడతగా కొంత నిలుపుకొని, నీరు కారుట లేదని చూచిన తరువాత ఇవ్వడము ముందే ఒప్పుకొన్నట్లయితే న్యాయమే. ముందు చెప్పకుండ, పని అయిన తరువాత ఏదో వంక పెట్టి కూలి ఎగవేయుట న్యాయము కాదు. ఇసుక మోసిన మనిషి ఇంటిలో కూడా ఒక వంటగది ఉన్నది, ఆ సాయంకాలము అక్కడ పొయ్యి వెలుగుట ఆ కూలి మీదనే ఆధారపడియున్నది. గోడ తెరచినప్పుడు కొత్త పని బయటపడితే దానికి వేరుగా ధర మాట్లాడవలెను గాని, పాత ధరలోనే చేయమని నిర్బంధించరాదు.

రెండు లక్షల మాట అటుంచి, పదివేలు కూడా లేనివారు మనలో ఉన్నారు. అద్దె ఇండ్లలో ఉన్నవారు ఉన్నారు. వారికి ఈ న్యాయము వర్తించదా? తప్పక వర్తించును. పొయ్యి మీద వెలుగు పడేటట్లు ఒక దీపము మార్చండి. రోజూ వాడే డబ్బాలు పై అరలో ఉంటే భుజము ఎత్తుకు దించండి. చేయి కడుగు చోట జారని పట్టా వేయండి. ఎత్తు చాలని గట్టు మీద మందపు చెక్క పలక ఒకటి వేసి తరుగుటకు వాడుకొనండి. ఒక ఎత్తుపీట తెచ్చి కూర్చొని పనిచేసే వీలు కల్పించండి. గ్యాసు గొట్టము మీద ఉన్న గడువు తేదీ చూడండి. ఏమియు కొనలేకపోయినను, అంట్లు తోముటకు రెండవ చేయి వేయుటకు డబ్బు అక్కరలేదు.

పని పూర్తి అయిన నాడు అందరూ వచ్చి చూచి బాగున్నదంటారు. ఆ మాట లెక్కలోనికి రాదు. ఏడాది గడచిన తరువాత, ఒక వర్షాకాలము దాటిన తరువాత, సాయంకాలము పని ముగించి బయటకు వచ్చిన మనిషి ముఖము చూడండి. నడుము పట్టుకొని వచ్చుచున్నదా, మామూలుగా నడిచి వచ్చుచున్నదా? గదిలో ఆమె ఒక్కతే ఉన్నదా, ఇంకెవరైనా నిలువబడియున్నారా? మీరు పెట్టిన డబ్బుకు రసీదు అదే.

కాబట్టి ఈసారి ఎస్టిమేటు వ్రాయుటకు నోటుపుస్తకము తీసినప్పుడు, మొదటి పేజీలో మొత్తము వ్రాయండి, అది సంపాదించేవారి పని. రెండవ పేజీ ఖాళీగా వదలి, పెన్సిలు వంట చేసేవారి చేతికి ఇవ్వండి. "మీ ఇష్టము" అని తిరిగి ఇచ్చివేస్తే తొందరపడవద్దు. పుస్తకము మూసి, ఆ మూడు దినముల వంట మొదలుపెట్టండి.